కాఫీపొడి పెట్టిన పుండు

ఉడుమలైపేట దగ్గర మా తోటలో కొబ్బరి ఎండబోసే కళ్ళంలోకి చెప్పులతో వెళ్ళం. తినే వస్తువు ఆరేచోట చెప్పు పెట్టకూడదని మా అత్తగారు నేర్పింది. ఆ రోజు కొబ్బరి పెంకు నా కుడికాలి బొటనవేలి కింద దిగింది. నాకు తెలియలేదు. షుగరు వచ్చాక పాదాలు మొద్దుబారి చాలా ఏళ్ళయింది.

వంటింట్లోకి వస్తుంటే కోడలు అరిచింది.

"అత్తా, నేలంతా రక్తం! కాలు చూడండి!"

పెంకు పీకేసి కాఫీపొడి అద్దాను. మా ఇంట్లో ఏ గాయానికైనా అదే మందు. రక్తం ఆగింది. రెండు రోజులకు నల్లగా పెచ్చు కట్టింది.

"చూస్తివా, మానిపోయె," అన్నాను.

"నొప్పి లేదా అత్తా?"

"ఉంటే చెప్పనా?"

ఆరో రోజు వాసన వచ్చింది. కోయంబత్తూరు ఆసుపత్రిలో డాక్టరు పెచ్చు ఊడదీస్తే కింద అంతా చీము. మూడు వారాల్లో కొత్త కండ రాకపోతే వేలు తీసెయ్యాలన్నాడు. కోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను.

కట్టు మార్చే నర్సమ్మ కూడా మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషే.

"కాఫీపొడి ఎందుకు పెడితిరమ్మా? మీ కాలేమన్నా ఫిల్టరా?"

కోడలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"పైన మూత పడితే మానినట్టు కాదమ్మా. పుండు అడుగు నుంచి పూడుకొని రావాల. దానిమ్మ గింజల మాదిరి ఎర్రగా కండ లేవాల. ఆమీదటనే అంచుల నుంచి తోలు పాకేది."

రెండు వారాలు అక్కడ ఏమీ లేవలేదు. పాలిపోయిన గుంట అలాగే ఉంది. కట్టు విప్పినప్పుడల్లా కోడలు వంగి చూసేది. నేను చూసేదాన్ని కాదు. పదిహేడో రోజు గుడ్డ తీస్తుంటే సన్నగా రక్తం చెమ్మగిల్లింది.

"అయ్యో!" అంది కోడలు.

"అయ్యో కాదు కణ్ణూ, మంచిదే తల్లీ. చచ్చిన కండలో రక్తం రాదు," అంది నర్సమ్మ.

డాక్టరు వచ్చి చూసి, వేలు తీయక్కర్లేదన్నాడు. నర్సమ్మ దూదితో వేలి కొస తాకింది.

"తెలుస్తా ఉందా?"

"లేదు."

"తోలు వస్తుంది గాని, అది రాదమ్మా. ఇంక రోజూ కళ్ళతోనే చూసుకోవాల."

"సరి," అన్నాను.

బయటికి వచ్చాక కోడలు కళ్ళు తుడుచుకుంది. "ఇన్ని దినాలు నాకు అన్నం దిగలేదు. మీరు సరి అనేస్తిరి. అంతేనా అత్తా?"

"ఇంకేమనేది? వేలుందిగా. నడువు, బస్సు పోతుంది."