గుమ్మానికి దిద్దిన చందనం

మొన్న ఉదయం వరండాలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంపుతుంటే, మా ఖరిదా సందులోకి మైకు కట్టిన టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఒకటి వచ్చి, "మన భాష, మన మనిషి, మన ఓటు" అని తెలుగులో అరుచుకుంటూ పోయింది. బెంగాల్లో పుట్టి ఇక్కడే ముసలిదాన్నయిన నాకు వీధిలో తెలుగు వినబడితే ప్రాణం లేచిరావాలి నిజానికి. కానీ మనసంతా చేదయిపోయింది. నేను పంతులమ్మగా చేరిన కొత్తలో ఇంచుమించు ఇవే మాటలు మా పెదనాన్న కోసం ఇదే సందులో మోగాయి.

పెదనాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరై, ఫండు డబ్బుతో మేమందరం ఉండే ఈ ఇల్లు కట్టాడు. ఎదురింట్లో మా వార్డు కౌన్సిలరు, బెంగాలీ ఆవిడ, ఊరందరికీ దీదీ. కాళీపూజ వెళ్ళాక వచ్చే విదియనాడు, మనం భగినీహస్తభోజనం అనుకునే రోజున, బెంగాలీ ఆడవాళ్ళు అన్నదమ్ముల నుదుట చందనం దిద్ది నోరు తీపి చేస్తారని నాతోపాటు ఇక్కడ పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. అన్నో తమ్ముడో దూరదేశంలో ఉంటే గుమ్మానికే దిద్ది దణ్ణం పెట్టుకుంటారు. తోడబుట్టినవాళ్ళు లేని దీదీ ఏటా పళ్ళెం పట్టుకుని మా ఇంటికే వచ్చేది, పెదనాన్న ఉతికిన పంచె కట్టుకుని పొద్దున్నుంచీ ఆమె కోసం గుమ్మంలో పచార్లు చేసేవాడు. సందులో కుళాయి ఆమె వేయించిందే కాబట్టి, మా తెలుగు ఓట్లన్నీ అడక్కుండానే ఆమెవి.

ఆ ఓట్లే అవతలి పార్టీకి కంట్లో నలుసు. ఆ ఏడు మునిసిపాలిటీ ఎన్నికలకు ముందు, ఊరి అవతల హిజ్లీ వైపునుంచి వచ్చామని చెప్పుకుంటూ ఇద్దరు పెద్దమనుషులు పెదనాన్నను వెతుక్కుంటూ వచ్చి, తెలుగు బడికి చాలినంతమంది పంతుళ్ళు లేరనీ, తెలుగువాళ్ళ మాట తెలుగువాడి నోటితోనే వినబడాలనీ, ఇండిపెండెంటుగా నిలబడితే జీపూ పోస్టర్లూ శ్రేయోభిలాషులు చూసుకుంటారనీ చెప్పారు. బడి సంగతి నిజమే కదా, అందుకే నమ్మాం. గోడల మీద మొదటిసారి తెలుగక్షరాలు, పక్కన గొడుగు గుర్తు, పైన పెదనాన్న బొమ్మ చూసుకుని మేం పొంగిపోయిన పొంగు ఇంతా అంతా కాదు.

పెదనాన్న దీదీకి స్వయంగా చెప్పి వచ్చాడు: "నీ మీద కోపం కాదు సెల్లెమ్మా, మావోలి గోడు కూడా ఒకటుంది గదా." ఆమె "ఆ జీపు ఎవరిదో కనుక్కున్నావా దాదా?" అని మాత్రం అడిగిందట. ఆ మాటకు పెదనాన్నకు చిర్రెత్తుకొచ్చింది.

తెలుగు ఓట్లు సగానికి చీలాయి, దీదీ ఓడిపోయింది, అవతలి పార్టీ గెలిచింది. తను ఓడినందుకు పెదనాన్న పెద్దగా బాధపడలేదు. కానీ ఆ సాయంత్రం ఊరేగింపు డప్పులతో వచ్చి మా ఇంటి ముందే ఆగింది. గెలిచినాయన పెదనాన్న మెడలో దండ వేసి, తమ పార్టీ రంగు అబీరు పొడి గుప్పెడు తీసి నుదుటికి పులిమి, నోట్లో రసగుల్లా కుక్కి, ఈ దాదా దయవల్లే గెలిచామని సందంతా వినబడేలా చెప్పాడు. ఆ ఇద్దరు పెద్దమనుషులూ వెనకాలే నిలబడి నవ్వుతున్నారు. ఎదురింటి కిటికీలో దీదీ ఉంది.

రంగంతా పోయాక కూడా పెదనాన్న కుళాయి కింద నుదురు కడుగుతూనే ఉన్నాడు. "ఏటి సేసినానమ్మా నాను? ఈ నీల్లు తెచ్చిన మనిసిని నా సేతే ఓడగొట్టించినారు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

విదియ వచ్చింది. వస్తుందనుకోని దీదీ ఎప్పటిలాగే పళ్ళెంతో వచ్చింది. పెదనాన్న వెనకగదిలో కూర్చుని, ఏ మొకం పెట్టుకుని రానంటూ, ఎంత బతిమాలినా లేవలేదు. ఆమె చాలాసేపు నిలబడి, చివరికి చందనంలో వేలు ముంచి, పెదనాన్న నుదురు ఉండే ఎత్తున మా గుమ్మానికి దిద్ది, మిఠాయి గడపలో పెట్టి వెళ్ళిపోయింది. నాలుగడుగుల దూరంలో ఉన్న అన్నయ్యకు అలా దూరదేశపు బొట్టు పెట్టిపోయింది. పెదనాన్న పోయేదాకా ఆమె ఏటా వచ్చింది, ఏటా గుమ్మానికే దిద్దింది.

మొన్న సాయంత్రం ఆ టోటో తాలూకు అభ్యర్థి ఓటడగడానికి వచ్చాడు, నాకు మేనల్లుడి వరస. ఆ బండి ఎవరిదిరా అని నేనూ అడిగాను. వాడు దాచలేదు సరికదా, పళ్ళికిలించి, "నానేటి గెలవడానికి నిలబడినానా అత్తా? ఓట్లు సీల్చడానికి. ఆల్లకీ తెలుసు, నాకూ తెలుసు, ఠీక్ హై కదా!" అని, కాళ్ళకు దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు.

వాడు వెళ్ళాక లేచి గుమ్మం మీద ఆ చోటు తడిమాను. చందనం ఏటేటా గుమ్మానికి వేసిన రంగుల కింద ఎప్పుడో మరుగునపడిపోయింది. ఎత్తులు వేసేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. సిగ్గుతో వెనకగదిలో దాక్కునే మనిషే మా సందులో లేకుండా పోయాడు.