నలభై పాఠాలకు నలభై వేలిముద్రలు

గూడూరు నుంచి అడవి వైపు పోయే రోడ్డు మీద, బస్సు ఇక ముందుకు పోనని మళ్లుకునే చోట ఒక తండా ఉంది. ఆ తండా బడిలో జమ్లీ ఆరేళ్లు పాఠాలు చెప్పింది. ఇప్పుడు అదే బడి వెనక రేకుల షెడ్డు కింద మధ్యాహ్న భోజనం వండుతోంది. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందని ఎవరైనా అడిగితే "ఫెయిలైన" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. నిజానికి ఆమె రాసిన పేపర్లన్నీ పాసైంది. ఫెయిలైంది ఒక్క రికార్డులో. అది ఎందుకు ఫెయిలైందో వింటే మీకూ ఒళ్లు మండుతుంది.

తండాలో ఇంటర్ దాకా చదివిన మొదటి ఆడపిల్ల జమ్లీ. అంతకుముందు ఆ బడికి వేసిన సార్లు వేసినట్టే బదిలీ చేయించుకొని పోయేవాళ్లు. ఉన్న నాలుగు రోజులైనా వాళ్లు చెప్పే తెలుగు పిల్లలకు ఎక్కేది కాదు. ఇంట్లో లంబాడీ తప్ప వినని ఆరేళ్ల పిల్ల ముందు తెలుగు వాచకం తెరిచి "చదువు" అంటే ఏం చదువుతుంది? జమ్లీ విద్యా వాలంటీరుగా చేరాక పద్ధతి మారింది. ఏ పాఠమైనా ముందు లంబాడీలో ముచ్చట పెట్టేది. పిల్లలు నవ్వి, అరిచి, దారిలోకి వచ్చాక మెల్లగా తెలుగులోకి దింపేది. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు. తను ఒకటో తరగతిలో ఏడాది పొడవునా నోరు తెరవకుండా కూర్చున్న సంగతి మరిచిపోలేదు, అంతే.

ఇంతలో పైనుంచి మాట వచ్చింది. శిక్షణ లేనివాళ్లు ఇకమీదట బడిలో ఉండడానికి వీల్లేదట. ఉన్నవాళ్లు దూరవిద్యలోనైనా శిక్షణ పూర్తి చేసుకోవాలట. జమ్లీ చేరింది. పుస్తకాలు పోస్టులో వచ్చాయి. ఇంట్లో లంబాడీ, గూడూరు అంగట్లో మాట్లాడే తెలంగాణ తెలుగు, ఈ పుస్తకాల్లో ఉన్నది మూడోది. "అభ్యసన సంసిద్ధత" అనే మాట మీద ఆమె ఒక పూటంతా కూర్చుంది. చివరికి తేలిందేమిటంటే, పిల్లలు నవ్వి అరిచి దారిలోకి రావడాన్నే వాళ్లు అలా అంటారని. తాను రోజూ చేసే పనికి ఇంత పేరుందని తెలిసి నవ్వుకుంది కూడా.

ఆదివారం ఆదివారం మానుకోట స్టడీ సెంటర్‌లో క్లాసులు. అక్కడే శ్రీలత పరిచయమైంది. గూడూరు కోడలు, అక్కడి బడిలోనే వాలంటీరు. ఇద్దరూ ఒకే బస్సు, ఒకే టిఫిన్ డబ్బా. "అక్కా, నువ్వు లేకుంటే నేను ఎప్పుడో బంద్ చేస్తుంటి" అనేది శ్రీలత. అది అబద్ధం కాదు. ఆ పిల్లకు చదువు మీద కన్నా సర్టిఫికెట్ మీద ధ్యాస ఎక్కువ. అందులో తప్పేముంది, అందరూ అక్కడికి వచ్చింది సర్టిఫికెట్ కోసమే కదా.

రెండో ఏడాది చివర ఒక పని మిగిలింది. బడిలో నలభై పాఠాలు చెప్పి, ఒక్కోటి నాలుగు పేజీల చొప్పున రికార్డులో రాసి, ప్రతి పాఠం కింద తారీకు వేసి, దగ్గరుండి చూసిన ప్రభుత్వ ఉపాధ్యాయుడి సంతకం తీసుకోవాలి. నవంబరు మధ్యలో రికార్డు అప్పజెప్పాలి. జమ్లీకి పరిశీలకుడు గూడూరు యాదగిరి సారు. తండా బడి ఆయన అజమాయిషీలోనే ఉంది. మంచి మనిషి, టీచర్ల సంఘం నాయకుడు, గొంతెత్తితే మైకు అక్కర్లేదు.

అది రెండువేల పదకొండు సెప్టెంబరు. సకల జనుల సమ్మె మొదలైంది. యాదగిరి సారు తండా బడికి తాళం వేసి చెవి జేబులో వేసుకొని పోయి టెంటులో కూర్చున్నాడు. జమ్లీ కూడా ఆ టెంటుకు పోయింది, బతుకమ్మ ఆడింది, గొంతు పోయేదాకా నినాదాలిచ్చింది. తెలంగాణ వస్తే తండాకు నిజమైన బడి వస్తుందని ఆమెకు ఎంత నమ్మకమో చెప్పలేను. కానీ వారం తిరిగేసరికి పిల్లలు పత్తిచేలలో కనబడ్డారు. ఒకసారి పత్తికి అలవాటుపడ్డ పిల్లను బడికి తేవడం ఎంత కష్టమో ఆమెకు తెలుసు.

టెంటుకు పోయి అడిగింది. "సారూ, పోరగాళ్లు పత్తికి పోతున్రు. నా నలభై పాఠాలు సుత మిగిలున్నయి. ఎట్ల చెయ్యాలె?"

"బడి తాళం తీసేది లేదు జమ్లీ. తీస్తే మనమే సమ్మెను ఇరగ్గొట్టినట్టు."

"బడిల వద్దు సారూ. సోమ్లా నాయక్ తాత కొట్టంల చెప్పుకుంట."

యాదగిరి సారు గొంతు తగ్గించాడు. "కొట్టంల చెప్పుకుంటే ఎవలు వద్దంటరు? చెప్పు. సమ్మె అయినంక నేనొచ్చి సంతకాలు పెడ్త. రంది పడకు."

సోమ్లా నాయక్ ఆ తండాకు పెద్ద. అక్షరం ముక్క రాదు. ఎడ్లను బయట కట్టేసి కొట్టం ఊడ్పించాడు. రోజుకు రెండు పాఠాలు, పొద్దున లెక్కలు, తర్వాత తెలుగు. ముసలాయన ఒక మూల గొంగడి పరుచుకొని ప్రతి పాఠం చివరిదాకా విన్నాడు. పత్తికి పంపుతున్న తల్లులను ఒకరిద్దరిని పిలిచి గట్టిగా మందలించాడు కూడా. మర్నాటి నుంచి ఇరవై మూడు మంది వచ్చారు. జమ్లీ ఏ రోజు పాఠం ఆ రోజే రాసింది. తారీకు, వచ్చిన పిల్లల సంఖ్య, ముందు లంబాడీలో ఏం అడిగిందో అది తెలుగు లిపిలో. కుటుంబం పాఠానికి మొదటి ప్రశ్న "తార ఘరేమ కుణ్ కుణ్ ఛ?" అని రాసుకుంది. మీ ఇంట్లో ఎవరెవరున్నారని.

సార్లు సమ్మె విరమించి బళ్లు తెరిచిన వారానికి శ్రీలత తండాకు ఉరికొచ్చింది. సమ్మె రోజుల్లో ఒక్క పాఠం చెప్పలేదు, ఒక్క పేజీ రాయలేదు. కళ్లనీళ్లు పెట్టుకుంది. "అక్కా, రెండు రోజులు నీ రికార్డియ్యి. సూసుకుంట రాస్కుంట." జమ్లీ ఇచ్చింది. రెండు రోజులన్నది పది రోజులైంది. తిరిగి చేతికొచ్చేసరికి గడువు ఇంకా మూడు రోజులే ఉంది.

రికార్డు పట్టుకొని యాదగిరి సారు దగ్గరికి పోయింది. ఆయన పేజీలు తిప్పుతూ ముందు మెచ్చుకున్నాడు. తర్వాత తారీకుల దగ్గర ఆగాడు.

"గివన్నీ సమ్మె రోజులే గదనే! గీ రోజుల్ల నేను టెంట్ల కూసున్న. సంఘం రిజిస్టర్ల రోజూ సంతకం ఉన్నది. గిండ్ల సుత పెడితే, సమ్మెల ఉండుకుంట డ్యూటీ చేసిండని నా మొకం మీద ఊంచుతరు."

"మీరే చెప్పుకోమన్నరు గద సారూ."

"చెప్పుకోమన్న. గీ తారీకులేసి రాస్కోమన్ననా? నవంబర్ తారీకులేసి తిరగరాయ్. అందరు గట్లనే చేస్తున్రు. శ్రీలతకు నిన్ననే అన్నిట్ల సంతకం పెట్టిన."

అందరూ చేస్తున్నారన్నది నిజమే. ఆ సెంటర్‌లో నిజంగా పాఠాలు చెప్పినవాళ్లు ఎందరో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జమ్లీకి మూడు రోజుల్లో నూట అరవై పేజీలు రాయడం కుదరదు. ఒకవేళ కుదిరినా రాయబుద్ధి కాలేదు. వేసిన ప్రతి తారీకు వెనుకా ఇరవై మూడు మంది పిల్లలున్నారు. చెప్పనివాళ్లు చెప్పినట్టు రాస్తుంటే, చెప్పినదాన్ని నేనెందుకు అబద్ధం చేయాలని ఆమెకు కోపమొచ్చింది. ఆ కోపంలోనే ఆమె చేయకూడని పని ఒకటి చేసింది.

తండాలో ఏ తగవైనా నాయక్ ముందుకే పోతుంది. నేను చూశానని నాయక్ అన్నాడంటే ఇక దానికి తిరుగులేదు. పెళ్లయినా, పొలం గట్టయినా, పోలీసులు వచ్చినా ఆ మాటే చెల్లింది. జమ్లీ పుట్టినప్పటి నుంచి చూసింది అదే. పాఠాలన్నీ దగ్గరుండి చూసింది ఎవరు? సోమ్లా నాయక్. మరి పరిశీలకుడంటే ఆయనే కదా!

ముసలాయన సిరా పూసుకున్న బొటనవేలితో ఒక్కో పాఠం కింద జాగ్రత్తగా అద్దాడు. నలభై పాఠాలకు నలభై వేలిముద్రలు. "నేను లేని దినం ఒక్కటన్న ఉన్నదా జమ్లీ? సూడు, లేని దినం మీద నేను ఏలు పెట్ట" అన్నాడు. ప్రతి తారీకూ చదివించుకొని, ఆ రోజేం చెప్పిందో గుర్తు చేసుకొని, అప్పుడు పెట్టాడు. శ్రీలత రికార్డులో యాదగిరి సారు అన్ని సంతకాలూ ఎంత సేపట్లో గీకేశాడో ఆయనకే తెలియాలి.

మానుకోట సెంటర్‌లో రికార్డులు తీసుకునే పెద్దమనిషి ఆ వేలిముద్రలు చూసి పక్క టేబులు వాళ్లను పిలిచి మరీ చూపించాడు. ఒకతను నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

"ఏందమ్మా గిది? భూమి కాయితమా?"

"పాఠాలు సూసింది గా తాతనే సార్. కావాలంటే తండాకొచ్చి అడుగున్రి."

"సదువు రానోడు పాఠం సూసుడేంది? అసలు సమ్మెల బడే లేదాయె. లేని బడిల పాఠమెట్ల చెప్పినవ్?"

"నిజంగ చెప్పిన సార్" అంది జమ్లీ. ఆయన ఎర్రపెన్నుతో మొదటి పేజీ మీద అడ్డంగా గీటు కొట్టాడు. పక్కనే బొత్తిలో శ్రీలత రికార్డు ఉంది. అవే పాఠాలు, అవే బొమ్మలు, లంబాడీ మాటలు కూడా పొల్లుపోకుండా. తారీకులు మాత్రం నవంబరువి. మాతృభాష ద్వారా బోధన బాగా చేశారని దాని మీద ప్రత్యేకంగా రాసి మరీ మార్కులేశారని తర్వాత తెలిసింది.

మళ్లీ ఏడాది ఫీజు కట్టుకోవచ్చన్నారు. జమ్లీ కట్టలేదు. అలిగి కూర్చుందని కొందరన్నారు. అవును, అలిగింది. అలగడానికి కూడా ఆమెకు హక్కు లేదా? రెండువేల పదమూడులో శిక్షణ లేనివాళ్లను ఆపేశారు. బడిలో వంట చేసే ముసలమ్మ చనిపోతే ఆ పని ఖాళీ అయింది. బడి ఆవరణలోనైనా ఉండొచ్చని ఒప్పుకుంది.

రాష్ట్రం వచ్చింది. జూన్‌లో బళ్లు తెరిచిన రోజు తండా అంతా గులాల్ చల్లుకుంది. యాదగిరి సారు జెండా ఎగరేసి, సమ్మెలో తాను చేసిన త్యాగం గురించి అరగంట మాట్లాడాడు. జమ్లీ చప్పట్లు కొట్టింది. ఆ రాష్ట్రం కోసం తనూ గొంతు పోగొట్టుకుందని అక్కడ ఒక్కరికీ గుర్తులేదు. ఆ సభలోనే కొత్త వాలంటీరును పరిచయం చేశారు. శిక్షణ పొందిన టీచర్ మీ తండాకు వచ్చిందని సారు గొప్పగా చెప్పాడు. వచ్చింది శ్రీలత.

మొదటి వారమంతా బడి గదిలోంచి శ్రీలత అరుపులే వినబడ్డాయి. పిల్లలు నోరు విప్పడం లేదు. ఒకరోజు ఆ పిల్ల పాత రికార్డు చేత్తో పట్టుకొని వంట షెడ్డు దగ్గరికి వచ్చింది. ముఖం చిన్నబోయి ఉంది.

"అక్కా, తప్పు వట్టుకోకు. కుటుంబం పాఠంల గీ మొదటి మాట ఏంది? దీనికి అర్థం జర చెప్పవా?"

జమ్లీ పొయ్యిలో కట్టె ఎగదోసింది. ఒక్క తారీకు అబద్ధం రాయనని పంతం పట్టి బతుకు పోగొట్టుకున్న మనిషి, తలెత్తకుండానే "యాదికి లేదు మేడమ్" అంది.

మేడమ్ అన్న మాటకు శ్రీలత ఉలిక్కిపడింది. రికార్డు మూసి వెనక్కి పోయింది. కాసేపటికి గదిలోంచి ఆమె గొంతు వినబడింది. అర్థం తెలియకుండానే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతోంది. "తార... ఘరేమ... కుణ్ కుణ్ ఛ?"

నాలుగో తరగతి భాగ్య లేచింది. కొట్టంలో ఒకటో తరగతి చదివిన పిల్ల. యాడి, బా, దాది అంటూ వేళ్లు మడుస్తూ, ఆ రోజు జమ్లీ నేర్పినట్టే ఒక్కొక్కరిని లంబాడీలో చెప్పి, వెంటనే అమ్మ, నాయిన, నాయనమ్మ అని తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. చిన్న పిల్లలు ఆమె వెంట అందుకున్నారు. గదంతా అరుపులు, నవ్వులు.

జమ్లీ గరిటె పట్టుకొని తలుపు దాకా వచ్చి నిలబడింది. ఎవరూ ఆమెను చూడలేదు. పాఠం అయ్యాక శ్రీలత డైరీ తీసి, కుటుంబం పాఠం పూర్తయిందని రాసి, కింద తారీకు వేసింది. ఈసారి తారీకు నిజమైనదే.