నా కోటు చూసివచ్చిన విదేశం

ముందుగానే ఒప్పేసుకుంటే ఒక గొడవ వదిలిపోతుంది. నేను గోరంతను కొండంత చేసే మనిషిని. మా ఇంట్లో గోడమీద బల్లి కనిపిస్తే, నేను వీధి చివరికి వెళ్ళేసరికి అది ఉడుమవుతుంది, అల్వాల్ బస్టాపులో నలుగురు కలిసేసరికి మొసలవుతుంది. పెళ్ళయిన కొత్తలోనే మా ఆవిడ నా మాటలకు తరుగు తీసి వినడం నేర్చుకుంది, మీరూ అలాగే చదవండి. అసూయ సంగతి వచ్చినచోట మాత్రం తరుగు తీయకండి, అది నేను రాసినదానికన్నా నాలుగాకులు ఎక్కువే ఉంటుంది.

మొన్న నా ఫోనుకి ఒక లింకు వచ్చింది. అంతర్జాతీయ అభివృద్ధి విధానాల మీద స్వచ్ఛంద సంస్థలవాళ్ళూ, మున్సిపాలిటీలవాళ్ళూ, విదేశీ దాతలూ కలిసి మాట్లాడుకుంటారట, ఆసక్తి ఉన్నవారెవరైనా ఇంట్లో కూర్చునే చేరవచ్చట. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ, ముఖాన మేధావి కళ, ఇంత సరంజామాతో కంప్యూటరు ముందు కూర్చున్నాను. తెర నిండా పావురాల గూళ్ళలాగా ముఖాలే ముఖాలు. ఆ గూళ్ళలో ఒకదానిలో, మీసానికి కొత్తగా రంగు వేసుకుని, వెనకాల పుస్తకాల బీరువాతో మా తోడల్లుడు! వాళ్ళింట్లో పెళ్ళి ఆల్బం తప్ప పుస్తకమన్నది లేదని నాకు తెలుసు, కనుక ఆ బీరువా ఉత్త బొమ్మ. మా ఆవిడ కాఫీ పెట్టి తెరలోకి తొంగిచూసి, "అదుగో మా మరిది, ఎంత హుందాగా ఉన్నాడో చూడండి" అంది. అదే తెరలో, సరిగ్గా కింది గూట్లో, ఆవిడ కట్టుకున్న భర్త కూడా ఉన్నాడు. ఆవిడకు కనబడలేదు. ఆ ఒక్క మాటతో, చల్లారిందనుకున్న పాత కుంపటి మళ్ళీ రాజుకుంది.

మా మామగారు గుంటూరు వైపు నుంచి మిషన్ స్కూల్లో టీచరుగా వచ్చి సికింద్రాబాదులో కార్ఖానా అనే పేటలో స్థిరపడిన మనిషి. పెద్దమ్మాయిని నాకిచ్చారు, ఎందుకంటే నాకు ఇంగ్లీషు బాగా వచ్చునని. చిన్నమ్మాయిని ఇక్కడే పుట్టి పెరిగిన ఒక మున్సిపల్ నీళ్ళ విభాగం కుర్రవాడికిచ్చారు, ఎందుకిచ్చారో నాకిప్పటికీ అంతుపట్టలేదు. నేను టైర్ల దుకాణం మీద మేడగదిలో నడిచే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ప్రాజెక్టు ఆఫీసరుని. నా పని విదేశీ దాతలకు నివేదికలు రాయడం. బస్తీలో ఒక బోరింగు బాగుచేస్తే దాని మీద నేను రాసే నివేదిక ఆ బోరింగుకన్నా లోతుగా ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక అందరమూ అత్తగారింట్లో భోజనానికి చేరేవాళ్ళం. "మేము పౌర సమాజం అత్తయ్యా, ప్రభుత్వానికీ ప్రజలకీ మధ్య వారధి" అని నేను కోడికూర కలుపుకుంటూ వివరిస్తే, ఆవిడ జాలిగా చూసి, "అంటే జీతం ఇస్తారా బాబూ?" అనేది. ఇక చిన్నల్లుడు? ఆయన ఒక ఫోను చేస్తే కార్ఖానా వీధుల్లో కుళాయిలు పాటలు పాడేవి. చర్చి మెట్ల దగ్గర ఆడవాళ్ళంతా ముందు ఆయనకి వందనాలు చెప్పి, ఆ తర్వాతే పాస్టరుగారి దగ్గరికి వెళ్ళేవారు. కోడికాలు ఎవరి కంచంలో పడేదో నేను చెప్పాలా?

అలాంటి రోజుల్లో నా నుదుటి రాత మార్చే కబురొకటి వచ్చింది. విదేశీ దాతలకు హఠాత్తుగా జ్ఞానోదయమైంది. సాయం ఎక్కడికి పోవాలో తాము గదుల్లో కూర్చుని తేల్చడం తప్పనీ, ముందుగా బస్తీల్లో పనిచేసే సంఘాలనూ ఊరి మున్సిపాలిటీలనూ ఒకేచోట కూర్చోబెట్టి వినాలనీ అనుకున్నారు. వాళ్ళ తరఫున ఒక దొరసాని వచ్చి మా బస్తీలో అలాంటి చర్చ ఒకటి చూస్తుంది, చూసి, రెండు పక్షాల తరఫునా మాట్లాడగల మనిషిని ఒక్కరిని ఎంచుతుంది. ఆ ఒక్కరూ విమానమెక్కి వెళ్ళి అక్కడి పెద్ద సభలో, దేశదేశాల మంత్రుల ముందు మన గోడు చెప్పాలి. ఆ ఒక్కరూ నేనేనని మా ఆఫీసులో అటెండరుకి కూడా అనుమానం లేదు. నేను మోండా మార్కెట్ సందులో దర్జీ దగ్గరికి పోయి కోటు కొలతలిచ్చాను. నీలిరంగు, లోపల పట్టులాంటి అస్తరు. ఆ కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడితే నాకే నాకు సెల్యూట్ చేయాలనిపించింది. ఇక ఆదివారం భోజనాల దగ్గర నేను విమానాల గురించి తప్ప మాట్లాడలేదు. అత్తగారు మొదటిసారి నా వైపు గరిటె తిప్పింది.

ఇక్కడే నా బుర్ర పనిచేసింది. దొరసాని ముందుగా పంపిన కబురులో ఒక మాట ఉంది. వేదిక వద్దు, పూలదండలు వద్దు, ఉపన్యాసాలు వద్దు, అందరమూ గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చుందాం అని. మీరే చెప్పండి, మన ఇంటికొచ్చిన అతిథి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "వద్దండీ, చాలండీ" అంటే మనం గరిటె వెనక్కి తీసుకుంటామా? తీసుకుంటే పెట్టడం చేతకాని వాళ్ళమని ఊరంతా చెప్పుకోదూ! చెయ్యి పక్కకి జరిపి రెండు గరిటెలు ఎక్కువ వేస్తాం. నేనూ అలాగే అర్థం చేసుకున్నాను. పెద్దింటి మనిషి, మొహమాటానికి వద్దంటోంది, మనం మర్యాద తక్కువ చేయకూడదు. అందుకని బస్తీ కమ్యూనిటీ హాలు ముందు షామియానా వేయించి, సికింద్రాబాదు స్టేషన్లో దిగినవాళ్ళకి కనబడేంత ఎత్తున వేదిక కట్టించాను. పరుపు కుర్చీలు, పూలగుత్తులు, వెండి కుంది, పట్టు శాలువాలు, వెనకాల మూడు భాషల బ్యానరు. వేదిక మీద దొరసాని, ఆమె పక్కన నేను, అటు మా సంస్థ అధ్యక్షులు, ఇటు వార్డు కార్పొరేటరు. మున్సిపాలిటీ తరఫున మా తోడల్లుడు వస్తున్నాడని తెలిసి ఆయనకు కుర్చీ ఎక్కడ వేయించానంటే, షామియానా చివర, టీ డేగిసాల పక్కన, బస్తీ ఆడవాళ్ళు కూర్చునే చోట. పైకి మాత్రం, "ప్రజల మధ్య ఉంటేనే నీకు శోభ" అన్నాను. "గట్లనే అన్నా, టీ సుత జల్ది దొరుకుతది" అని నవ్వాడు ఆ అమాయకుడు. అమాయకుడని నేననుకున్నాను.

దొరసాని కారు దిగింది. మనిషి తాటిచెట్టంత, సంచీ మాత్రం నారసంచీ. మైకు పట్టుకుని నేను వేదిక మీదికి ఆహ్వానించడం మొదలుపెట్టాను. మన సభల్లో ఆహ్వానం అంటే తెలుసుగా, ఒక్కొక్కరి పేరూ, వారి తాతగారి ఘనతా చెప్పి, చప్పట్లయ్యాక మరొకరి పేరు. నేనింకా అధ్యక్షులవారి తాతగారి ఘనత దగ్గరే ఉన్నాను, ఇంతలో వెనకనుంచి ఒక గొంతు షామియానా గుడ్డని చింపేటట్టు లేచింది. ఆ బస్తీ మహిళా సంఘానికి పెద్దదిక్కు, అందరూ అక్కా అని పిలిచే మనిషి, మా తోడల్లుడి మీద విరుచుకుపడుతోంది. "ఏం సారూ, నల్లా ఎప్పుడిడుస్తున్రు మీరు? మేం పనికి వోయినంక ఇడిస్తే ఆ నీళ్ళు ఎవరు పట్టాలె, గోడలా? ఒక్కనాడన్న నీ పెండ్లాం బిందె పట్టుకొని నిలబడ్డదా?"

దొరసాని వేదిక మెట్టుమీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. ఆ గొంతు వచ్చిన దిక్కుకి గబగబా నడిచి, టీ డేగిసా పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె ఏమంటోందని మా తోడల్లుణ్ణే అడిగింది. మరొకడైతే ఏదో సర్దిచెప్పి బయటపడేవాడు. నేనైతే "నీటి లభ్యత విషయమై ప్రజల ఆకాంక్షలు" అని ఇంగ్లీషులో ఒక పేరా చదివేవాణ్ణి. ఆ మనిషి చలువ కళ్ళజోడు నెత్తిమీదికి నెట్టుకుని ఏమన్నాడో విన్నారా? "షీ ఈజ్ సేయింగ్ ఐ యామ్ యూజ్‌లెస్, మేడమ్. కరెక్ట్ ఓన్లీ." అని, అక్క వైపు తిరిగి, "అక్కా, జెర ఆగి ఆగి తిట్టు, అన్నీ మేడమ్‌కు చెప్పాలె గద" అన్నాడు. ఆడవాళ్ళు గొల్లుమన్నారు. అక్క కూడా నవ్వేసింది, నవ్వుతూనే ఇంకో రెండు తగిలించింది, ఆయన వాటినీ నిజాయితీగా ఇంగ్లీషులోకి దించాడు. తర్వాత తమ ఆఫీసు తక్లీఫ్ ఆయన చెప్పుకున్నాడు. పైపుల్లో ఒత్తిడి చాలక బస్తీకొక వేళ పంచుతారట, పొద్దున్నే వేళ ఇవ్వాలంటే పక్క కాలనీ వాళ్ళు ఒప్పుకోవాలట. అయితే వాళ్ళనూ పిలవండి, వాళ్ళకు మేమే చెబుతామంది అక్క. చూస్తుండగానే కుర్చీలన్నీ జరిగి జరిగి, దొరసాని అడిగినట్టే గుండ్రంగా తయారయ్యాయి, వేదికకు వీపు పెట్టి.

మొదట ఫొటోగ్రాఫరు అటు పోయాడు. ఫొటోగ్రాఫరు పోవడం చూసి కార్పొరేటరు దిగాడు. అధ్యక్షులవారు టీ కోసమని దిగి మరి తిరిగి రాలేదు. తాజ్‌మహలంత వేదిక మీద నేనొక్కణ్ణే, చేతిలో మైకు, ఒళ్ళో శాలువాల కట్ట. "వేదికను అలంకరించిన పెద్దలకు" అని ఒకటికి రెండుసార్లు అన్నాను. అలంకరించినవాణ్ణి నేనొక్కణ్ణే కనుక ఆ శాలువాల్లో ఒకటి నేనే కప్పుకుందామా అనిపించింది.

ఆ సాయంత్రమే ఎంపిక తేలిపోయింది. ప్రజల తరఫున మాట్లాడేవాళ్ళను చాలామందిని చూశాననీ, ప్రజలు తనను తిట్టిన తిట్లను తానే అనువదించిన అధికారిని ఇంతవరకూ చూడలేదనీ దొరసాని అన్నది. ఆ మాట నాకు ఇప్పటికీ రాత్రి తిన్నది అరగనివ్వదు. అంతటితో పోయిందా? ఆయనకు కోటు లేదు. మా ఆవిడే బీరువా తీసి, "ఎలాగూ ఊరికే వేలాడుతోంది కదండీ, మరిది వేసుకెళితే అరిగిపోతుందా" అంది. వద్దనడానికి నోరు తెరిచాను, అంతలో ఆయన తొడుక్కోనే తొడుక్కున్నాడు. నాకన్నా ఆయనకే అతికినట్టు సరిపోయింది. ఆ దర్జీ మీద నాకప్పటినుంచీ అనుమానమే. విమానాశ్రయంలో నేను చెయ్యి ఊపింది మనిషికా కోటుకా అంటే, కోటుకే.

ఆయన తిరిగొచ్చేటప్పుడు చాక్లెట్లతోపాటు ఆ సభ సీడీ కూడా తెచ్చాడు. ఆదివారం అత్తగారింట్లో అందరమూ టీవీ ముందు కూర్చున్నాం. సముద్రమంత గుండ్రటి బల్ల, చెవులకు యంత్రాలు తగిలించుకున్న మంత్రులు, వాళ్ళ మధ్య నా కోటు. లోపల ఆయన. భయమన్నదే లేకుండా అక్క మాటలు చెప్పాడు, తిట్లతో సహా. తర్వాత కాలనీవాళ్ళు ఎలా వచ్చారో, బస్తీకి పొద్దున్నే వేళ ఎలా కుదిరిందో చెప్పాడు. చివరగా ఒక్క క్షణం ఆగి, "మా ఇంటి పెద్దల్లుడు, నాకు అన్నలాంటివాడు, ఆ రోజు నన్ను జనం మధ్య కూర్చోబెట్టకపోతే నేనిక్కడ లేను" అన్నాడు. గదిలో అందరి తలలూ నా వైపు తిరిగాయి. అత్తగారు లేచివెళ్ళి కోడికాలు తెచ్చి నా కంచంలో వేసింది. నా కడుపులో ఏళ్ళ తరబడి రగిలినదంతా ఆ పూట చప్పున చల్లబడింది.

ఇప్పుడు ఇవన్నీ లింకుల్లో జరుగుతున్నాయి. వేదిక లేదు, శాలువా లేదు, కోటుకి కొలతలివ్వక్కర్లేదు. మొన్నటి సభలో దాతలు మాట్లాడారు, ఆఫీసులు మాట్లాడాయి, సంఘాలు మాట్లాడాయి, ఎవరి వంతు రాగానే వాళ్ళు గొంతు తెరిచి, అవగానే మూసుకున్నారు. ఆ గూళ్ళలో అక్క లాంటి మనిషి ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. ఉన్నా, ఆవిడ తిడుతూ ఉండగా ఎవరో మర్యాదగా గొంతు నొక్కేసేవారు. అప్పట్లో ఒక్కరికే కుర్చీ కనుక మిగిలినవాళ్ళం కుళ్ళుకుని చచ్చేవాళ్ళం. ఇప్పుడు అందరికీ గూడు ఉంది, నాకు తప్ప ఎవరికీ ఎవరి మీదా కుళ్ళు లేదు. అయినా నాకు ఆ షామియానా కింది ఉక్కపోతే బాగున్నట్టు తోస్తోంది. అక్కడ తిట్టే మనిషీ, తిట్లు తినే మనిషీ ఒకే డేగిసాలోని టీ తాగారు.

ఇక లెక్క ఒప్పజెప్పాలి. వేదిక అంత ఎత్తు లేదు, దొరసాని అంత పొడుగు కాదు, అవి సాగదీసినవి, మీరు ఈపాటికే తరుగు తీసి ఉంటారు. పూర్తిగా కల్పించింది ఒక్కటే. సీడీలో ఆయన నా ఊసు ఎత్తలేదు. అక్క పేరు చెప్పాడు, కాలనీవాళ్ళ మంచితనం చెప్పాడు, చివరికి కార్పొరేటరుకి కూడా కృతజ్ఞతలు చెప్పాడు. కోడికాలు కూడా ఆయన కంచంలోకే వెళ్ళింది. ఆ సీడీ తిరిగే యంత్రాలు ఇప్పుడు ఎవరింట్లోనూ లేవు, నేను చెప్పిందే నిజమని నమ్మించడం చిటికెలో పని. కానీ అప్పట్లో దాన్ని నేను ఎవరూ లేనప్పుడు మళ్ళీ మళ్ళీ వేసుకుని చూశాను. చివర చప్పట్లకు ముందు ఆయన ఒక్క క్షణం ఆగిన మాట నిజం. ఒక మనిషి పేరు పట్టేంత జాగా ఉంది అక్కడ.