బావ ముట్టనివ్వని దుంగ

మా అక్క మొగుడు, నాకు బావ, మొన్న కర్మన్‌ఘాట్‌లో తన ఇంట్లోనే నిద్రలో పోయాడు. ఏడాదిగా ఆయాసంతో కూర్చునే కునుకు తీసినవాడు, ఆ రాత్రి మాత్రం వెల్లకిలా పడుకున్నాడట. అక్క చెబుతుంటే నాకు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఉన్నమాట రాస్తున్నాను.

బావ నల్లగొండ వైపు అడవుల్లో వాచరుగా చేసి రిటైరయ్యాడు. మేమిద్దరం ఉండే కాలనీలో పార్కు జాగా కబ్జా కాకుండా మేమే సరుగుడు మొక్కలు నాటాం. తొందరగా అడవిలా కనబడాలని మూరకొకటి పెట్టాం. అన్నీ ఊదుబత్తుల్లా సన్నగా లేచాయి. కింద గడ్డిపోచ లేదు, పైన పిట్ట లేదు. బావ పర్మిషన్ తెచ్చి, గొడ్డలి పట్టుకొచ్చాడు.

"నాటినోళ్లం మేము, నరికెటోనివి నువ్వా?" అని అడ్డం నిలబడ్డాను.

"బామ్మర్దీ, ఒక్క మంచంల పదిమందిని పండబెట్టి, ఎవ్వడు బలుస్తలేడంటె ఎట్ల? జర జరుగు."

నవ్వొచ్చి జరిగాను.

ఒక పక్క మరీ ఎక్కువ తీశాడు. మొదటి గాలివానకే అటువైపు ఉన్నవాటిలో లావైన చెట్టు వేళ్లతో సహా పడింది. కాలనీ అంతా ఆయన మీద పడింది. "తప్పు నాదే. గాలికి అలవాటు చెయ్యకుండ ఒక్కపారే బయట నిలబెట్టిన" అన్నాడు. ఆ తర్వాత ఏడాదికి కొన్నే తీశాడు. వెలుగు పడ్డచోట వేప, కానుగ వాటంతటవే మొలిచాయి. మిగిలిన సరుగుళ్లు ఇప్పుడు నా నడుమంత లావున్నాయి. ఎల్బీనగర్ నుంచి కర్మన్‌ఘాట్ దారిన వస్తే మీరే చూడండి.

పడిన దుంగను మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. "పాత అడవిల సచ్చిన చెట్టుకు గూడ పనుంటది" అనేవాడు. రోజూ పొద్దున దాన్ని బర్రెను తట్టినట్టు తట్టి పోయేవాడు.

మొన్న చితికి కట్టెలు కావాలంటే కాలనీ కుర్రాళ్లు రంపం పట్టుకుని దాని దగ్గరికే బయలుదేరారు. "ఆయన చెట్టే గద తాతా, ఆయనతోనే పోతది" అని నాతో అన్నారు. మంచి మనసుతోనే అన్నారు.

"పానమున్నప్పుడే ముట్టనియ్యలె. ఇప్పుడు ముడితె లేచి తిడ్తడు!" అని అరిచాను.

ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. "దిల్‌సుఖ్‌నగర్ అడ్తి నుంచి కట్టెలు తెప్పియ్యున్రి. దుంగను ఉండనియ్యున్రి" అంది. రంపం లోపలికి పోయింది. ఆయన్ని నిమ్మళంగా సాగనంపాం.

ఇవాళ పొద్దున పార్కుకి పోయాను. వానకి నాని దుంగ ఒక చివర మెత్తబడింది. బావలా ఒకసారి తడదామని చెయ్యి చాపాను. కింద నుంచి ముంగిస తల బయటపెట్టి, ఎవడ్రా నువ్వన్నట్టు చూసింది.

నేనే జరిగాను.