ఒడ్డు మీంచి సింగపూర్‌ని పిలిచిన మా రత్నం వదిన

కూర్చో జ్యోతీ. ఆ దువ్వెన పక్కన పెట్టి సరిగ్గా విను, చెప్పింది చెప్పినట్టు రాయి. పెద్దకర్మ రోజున పంచే పుస్తకంలో వేస్తారట. జాలరిపేట అంతా చదువుతుంది, తప్పు దొర్లితే నన్నే అంటారు.

మీ తాతకి అక్క, నాకు ఆడపడుచు, నూకరత్నం మొన్న ఆదివారం పొద్దున్న కన్నుమూసింది. కబురు వచ్చేసరికి నేను ఎండుచేపలు తిరగేస్తున్నాను. నమ్మలేదు. చందువా చేపలు చిన్నవి పంపానని ముందురోజు సాయంత్రమే నన్ను ఫోన్లో తిట్టింది. అంత గట్టిగా తిట్టిన మనిషి గుండె తెల్లారేసరికి ఎలా ఆగిపోతుంది? కబురు తెచ్చినవాడిని కూడా కోప్పడ్డాను, పాపం.

వదిన సౌమ్యురాలు, మృదుభాషిణి అని మాత్రం రాయకు. పేటంతా నవ్వుతుంది. ఆవిడ గొంతెత్తితే పక్కవీధి కుక్క లేచి కూర్చునేది. తన గొప్ప తనే చెప్పుకునేది. ఉంది కాబట్టి చెప్పుకునేది.

మొదట్లో అందరిలాగే నెత్తిన గంప పెట్టుకుని తిరిగింది. తర్వాత హార్బరు గేటు దగ్గర నిలబడి ఓడల్లో వంటవాళ్ళకి చేపలు అమ్మింది. ఒక్కసారి ఆవిడ దగ్గర కొన్న వంటవాడు, ఓడ మళ్ళీ వచ్చినప్పుడు వెతుక్కుంటూ వచ్చేవాడు. ఎందుకంటే ఆవిడకో పట్టుదల ఉండేది. "ఒడ్డు తగల్ని సేపకి మాటివ్వకూడదే" అనేది. పడవ ఇసుకెక్కి, చేపని కళ్ళారా చూశాకే ఉందని చెప్పేది. అలా చేపలతో మొదలై, బియ్యం, కూరగాయలు, గుడ్లు, ఓడ వంటింట్లోకి ఏది కావాలన్నా వేసే చిన్న షాపు పెట్టింది పోర్టు దగ్గర. మీ తాత సరుకు మోయించేవాడు. పేటలో పడవలు నేను చూసుకునేదాన్ని.

కష్టం ఎక్కడొచ్చిందంటే, ఓడకి ఎవరి దగ్గర కొనాలో తేల్చేది వంటవాడు కాదు, సింగపూర్లోనో ఎక్కడో కూర్చున్న కంపెనీ ఆఫీసు. ఓడ రేవుకి రాకముందే ఆ ఆఫీసుతో మాట్లాడినవాళ్ళకే ఆర్డరు. పెద్ద సప్లయర్లు రోజూ మాట్లాడేవారు, వాళ్ళకి తాహతు ఉంది. వదిన ఫోను బూతుకెళ్ళి, మీటర్లో ఎర్ర అంకెలు పరిగెత్తడం చూసి సగం మాటలో పెట్టేసేది. ఏమన్నారని అడిగితే, "ఆడు నోరిప్పీలోపు మీటరు నా నోరు మూసేసింది" అనేది.

ఒక్కో ఓడా చేజారి షాపు మూతపడేదాకా వచ్చింది. ఓ పెద్ద సప్లయరు గేటు దగ్గర ఎదురై, "ఎందుకమ్మా నీకీ తిప్పలు? గంపుంది కదేటి. దానికి ఫోనక్కర్లేదు" అన్నాడు.

"గంపెత్తాలంటే మెడ గట్టిగుండాల బాబూ. నీకు లేకే నువ్వు కుర్సీలో కూకున్నావు" అంది వదిన.

అక్కడ అలా అనేసి వచ్చింది గానీ, ఇంటికొచ్చి నా పక్కన కూలబడింది. "మరదలా, గంపెత్తడానికి నాను సిగ్గుపడను. ఆడు ఎత్తించేడంటే మాత్రం తట్టుకోలేను" అంది. ఆ షాపు ఆవిడకి ఏమిటో ఆ రోజు తెలిసింది నాకు.

ఇంటర్నెట్ మీద ఫోన్ మాట్లాడొచ్చని చెప్పింది మద్దిలపాలెంలో కంప్యూటర్ షాపు పెట్టుకున్న శ్రీనివాసు. కేబుల్ వాళ్ళ ఇంటర్నెట్ తీగ ఇంట్లోకి లాగి, దాన్ని ఓ చిన్న డబ్బాకి తగిలించి, డబ్బాకి మన మామూలు ఫోను గుచ్చుతారు. నిమిషాలు ముందే కొనుక్కోవాలి. బూతు ఖర్చులో అది పిసరంత. షాపులో ఒక డబ్బా, పేటలో మా ఇంట్లో ఒక డబ్బా పెట్టుకుంటే, ఆ రెండింటి మధ్య ఎంతసేపు మాట్లాడుకున్నా వేరే ఖర్చు లేదు.

వదిన నడుం మీద చేతులేసుకుని అడిగింది. "మాట ఎలగెల్తది బాబూ ఇందులో?"

"ముక్కలు ముక్కలుగా ఎల్తదమ్మా. అటేపు అతుక్కుంటాది."

"ముక్కలు సేసిన సరుక్కి ధర తగ్గిపోద్ది, సూసుకో."

ముందు మా ఇంట్లో డబ్బా బిగించాడు. వదిన ఊరుకుంటుందా? కొత్త పడవకి చేసినట్టే దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు దాని నెత్తిన పోసింది. డబ్బా మీద దీపాలన్నీ ఆరిపోయాయి. శ్రీనివాసు తల పట్టుకున్నాడు.

"పడవ తడుత్తాది గానీ ఇది తడవకూడదమ్మా."

"ఓడల కోసవని సెప్పింది నువ్వే. తడవకూడదని ముందు సెప్పొద్దేటి?"

విప్పి ఎండుచేపల పక్కన ఆరబెట్టాం. బతికింది. వాసన మాత్రం చాన్నాళ్ళు పోలేదు.

ఆ వారమే ఒక ఓడ వస్తోంది. ఆ కంపెనీకి మన రేవుకొచ్చే ఓడలు చాలా ఉన్నాయి. ఈ ఓడకి సరుకు వేసినవాళ్ళకే మిగతావన్నీ ఇస్తామన్నారు. ఇది పోతే షాపు లేదు. పొద్దున్నే మా ఇంట్లో వదిన ఫోనెత్తింది, సింగపూర్ ఆఫీసుకి లైను కలిసింది. అయితే ఆ రోజుల్లో ఇంటర్నెట్ ఫోన్లో మాట కాస్త ఆలస్యంగా చేరేది. మనవాళ్ళ మాట వేగం నీకు తెలుసు కదా. వదిన ఓ మాట అని, జవాబు రాలేదని ఇంకోటి అనేది. సరిగ్గా అప్పుడే అవతలి జవాబొచ్చి దీన్ని గుద్దుకునేది. ఇద్దరూ హలో హలో అనుకుని, విసుగేసి ఆ సింగపూర్ ఆఫీసాయన పెట్టేశాడు.

"లైను బాగానే ఉందమ్మా. మీరే తొందరపడతన్నారు" అన్నాడు శ్రీనివాసు.

వదిన మారు మాట్లాడలేదు. నాకు భయమేసింది. ఆవిడ నోరు మూసుకోవడం నేనదే మొదటిసారి చూడడం. లేచి గుమ్మంలోకెళ్ళి సముద్రం వైపు నిలబడింది. ఓ పడవ ఒడ్డుకొస్తోంది. అలవాటు కొద్దీ కేకేసింది, "ఏటి పడ్డాదీ... ఓయ్."

మన ఆడవాళ్ళు పడవని పిలిచే పద్ధతి అది. గాలికి మాట చేరడానికి టైము పడుతుంది. అందుకని అడిగింది అడిగి, చివర ఓయ్ అని లాగి, ఊరుకుంటాం. అవతల్నుంచి ఓయ్ వచ్చేదాకా ఇంకో మాట ఎత్తం. ఎత్తితే రెండూ గాలిపాలే. కాసేపటికి పడవలోంచి పడ్డ చేప పేరు వినిపించింది, "కోనేం... ఓయ్."

వదిన గిర్రున తిరిగింది. "మరదలా, సింగపూరూ పడవేనే. కూసింత దూరంలో ఉంది, అంతే."

మళ్ళీ ఫోన్ చేయించింది. తన ఓడ ఇంగ్లీషులో, కోనేంని సీర్ ఫిష్ చేసి, "సార్, వైజాగ్ రత్నం. సీర్ ఫిష్ బోట్ కమింగ్. ఐ సీ, దెన్ ఐ టెల్... ఓయ్" అని, పెదాలు బిగించుకుని కూర్చుంది. అవతల ముందు నవ్వు వినిపించింది. ఆయన ఒకప్పుడు ఓడలో రేడియో దగ్గర పనిచేసిన మనిషట, అక్కడ తన మాట అయిందని చెప్పడానికి ఓవర్ అంటారట. "ఓకే వైజాగ్. వెయిటింగ్. ఓవర్" అన్నాడు. ఇక ఇటు ఓయ్, అటు ఓవర్. ఒక్క మాట గుద్దుకుంటే ఒట్టు. నేను పరిగెత్తి పడవలోంచి కోనేం తెచ్చి చూపించాకే ఉందని చెప్పింది.

చివర్లో ఆయన పెద్ద చందువాలు కావాలన్నాడు. ఆ రోజు ఏ పడవకీ పడలేదు. ఉన్నాయని చెప్పు, ఎలాగో తెద్దామని నేను చేతులూపాను. వదిన నన్ను కొరకొరా చూసి, "నో సార్. టుడే నో పాంఫ్రెట్... ఓయ్" అంది. నాకైతే షాపు తలుపు మూసిన చప్పుడే వినిపించినట్టయింది. అప్పుడు ఆయన గొంతు వచ్చింది. అందరూ ఉన్నాయన్నారు, నువ్వొక్కదానివే లేవన్నావు, ఆర్డరు నీదే, ఓవర్, అన్నాడు.

ఓడ వచ్చిన రోజు లారీ నిండా సరుకు పంపి, మొదటి గంప మాత్రం తనే నెత్తిన పెట్టుకుని ఓడ మెట్లెక్కింది వదిన. ఆ పెద్ద సప్లయరు కింద నిలబడి చూస్తున్నాడు. "మెడ గట్టిగానే ఉంది బాబూ" అని పైనుంచి చెప్పింది. హార్బరంతా విన్నది.

తర్వాత ఎండుచేపలమ్మేవాళ్ళు, వలలమ్మేవాళ్ళు ఒక్కొక్కరే డబ్బాలు పెట్టించుకున్నారు. వదిన వాళ్ళని సముద్రం వైపు నిలబెట్టి ఫోను మాట్లాడటం నేర్పేది. "మాటనేసి ఊరుకోడవే మాట్లాడ్డం. ఊరుకోడం రానోడికి ఫోనెందుకు?" అనేది. ఊరుకోవడం గురించి ఆవిడ చెప్పడం చూసి మీ తాత దుప్పటి కప్పుకుని నవ్వేవాడు.

నిన్న సంఘం పెద్దలొచ్చి, షాపు ఎవరికైనా ఇచ్చేద్దామా అన్నారు. కుదరదన్నాను. బుధవారం ఓడ వస్తోంది. సింగపూర్ ఆయనకి కబురు నేనే చెప్పాను. చాలాసేపు ఆయనేమీ అనలేదు. ఈ ఆలస్యం లైనుది కాదని నాకు తెలుసు. తర్వాత మెల్లిగా, సరుకు ఎవరిస్తారని అడిగాడు. మేమే అన్నాను. వెంటనే సరే అన్నాడు.

రాయి జ్యోతీ. వదినా, నీ గొంతు మాలో ఎవరికీ లేదు. నీ నోరు ఎవరికీ రాదు. ఆ లోటు లోటే, దాన్ని పూడ్చేవాళ్ళు పేటలో లేరు. కానీ నీ షాపుకి రేపు తాళం తీసేది నేను. ఓడ మెట్లెక్కేది నా కోడలు, జ్యోతి వాళ్ళమ్మ. నువ్వు ఎక్కడున్నావో అక్కణ్ణుంచి చూస్తూ ఉండు, మేము ఆ ఓడకి కళ్ళారా చూసిన సరుకే...

"అత్తా, అన్నానికి రా. పులుసు సల్లారిపోతంది. జ్యోతీ, నువ్వూ లెగు."