గుర్తు కింద గీత

లెక్కల పుస్తకాలు టైపు చేసే ఆ అమ్మాయిని ప్రెస్సులో అందరూ మెరుపు అనేవారు. ఊరికే వచ్చిన పేరు కాదు. ఒక్కో గుర్తు కోసం మెనూలన్నీ గాలించే ఓపిక లేక, ఆమె కంప్యూటర్లో టైపు చేసే ఎడిటర్‌ ప్రోగ్రాముకే షార్ట్‌కట్‌లు రాసి పని నేర్పింది. రెండక్షరాలు కొడితే వర్గమూలం, మూడు కొడితే సమాకలనం. మాటిమాటికీ వచ్చే ‘తక్కువ లేదా సమానం’ గుర్తుకైతే మరీ సులువు. ‘తక్కువ’ గుర్తు కొట్టి ఖాళీ వదిలితే చాలు, కింద గీత దానంతటదే వచ్చిపడుతుంది.

అదే కొంప ముంచింది. కొత్త పుస్తకంలో ఒక లెక్కకు ఆ గీత ఉండకూడదు. మొదటిసారి చూసుకుని తీసేసింది. ప్రూఫులు దిద్దే మాస్టారు ఆఖరి ప్రతి చూసి సరేనన్నారు. తీరా పేజీ కుదరలేదని ఆమె ఆ లెక్క మళ్ళీ కొట్టింది, ఎడిటర్ మళ్ళీ గీత తగిలించింది. మళ్ళీ కొట్టిన పేజీ మాస్టారికి చూపించడం ప్రెస్సు పద్ధతి. ఒక్క లెక్కే కదా అని చూపించలేదు.

పుస్తకం అచ్చయ్యాక, రాసినాయన ఆ గీత చూసి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ప్రూఫు కాగితాలు అప్పటికే చిత్తుకాగితాల్లో పోయాయి.

“మాస్టారూ, మీ కళ్ళు...” అని ఓనరు నసిగాడు.

“ఇక చాలిస్తాను బాబూ” అన్నారు మాస్టారు తలదించుకుని.

పక్కనే ఉన్న మెరుపుకు సంగతి తెలుసు. చెబితే ఉద్యోగం పోతుందని భయం, పేరు పోతుందని అంతకు మించిన భయం. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుని, ఎవరూ అడక్కముందే ఆ షార్ట్‌కట్ తీసిపారేసింది.

ఆ తర్వాత మాస్టారు సైకిలెక్కడం మానేశారనీ, పేపరు మనవరాలి చేత చదివించుకుంటున్నారనీ విన్నాక ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. ఆయన సామాను తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు, చెయ్యి పట్టుకుని స్క్రీను ముందు కూర్చోబెట్టింది.

“తప్పు నాది మాస్టారూ. మీరు చూశాక మళ్ళీ కొట్టాను. గీత ఇదే పెట్టేసింది, చూడండి.”

గుర్తు కొట్టి ఖాళీ వదిలింది. గీత రాలేదు. తీసేసింది తనే. గబగబా షార్ట్‌కట్ మళ్ళీ రాసి చూపించింది.

“ఇప్పుడేగా తల్లీ రాశావు” అని మాస్టారు నవ్వారు. “ముసలాడు బాధపడతాడని నీ మీద వేసుకుంటున్నావు.”

“ఒట్టు మాస్టారూ, నేనే. ఓనరుగారికీ చెప్తాను.”

“అంత పని చెయ్యకు. నీ ఉద్యోగానికి ఎసరొస్తుంది. నీది పెద్ద మనసమ్మా.”

ఆమె తల నిమిరి లేచారు. బాగానే కనిపించే కళ్ళు పెట్టుకుని, గడప ఎక్కడుందో కాలితో తడుముకుంటూ బయటికి నడిచారు.