ఆరున్నర నుంచి తొమ్మిది దాకా

ఫిబ్రవరి 18, మంగళవారం, సాయంత్రం ఐదున్నర. మా వీధి అంగన్‌వాడీ వరండా.

హాజరైనవారు: అంగన్‌వాడీ టీచరు, పిల్లల పెంపకం గురించి తల్లులతో మాట్లాడటానికి నెలకోసారి దర్శి వైపు నుంచి స్కూటీ మీద వచ్చే అమ్మాయి, వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న, అందరం ఆపా అని పిలిచే ఆవిడ, మిరపకోతకు వెళ్లే తల్లులు ఆరుగురు, మగవాళ్లలో నేనొక్కణ్ణే. రానివారు: మా ఆవిడ. రెండో అమ్మాయి పురిటికని చిలకలూరిపేటలో ఉంది. ఆవిడే ఊళ్లో ఉండి ఉంటే ఈ మీటింగుకు నేను వెళ్లాల్సిన పని పడేది కాదు.

చిలకలూరిపేట నూలు మిల్లులో ముప్పయ్యారేళ్లు టైం ఆఫీసులో పనిచేశాను. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వెళ్లారు అని రాయడమే నా ఉద్యోగం. రిటైరయ్యాక మిల్లు పోయింది గానీ అలవాటు పోలేదు. పాలవాడు వచ్చిన వేళ, కరెంటు పోయిన వేళ, అన్నీ డైరీలో ఎక్కుతాయి.

ఆ నెలలో కొత్తగా ఒక సంగతి ఎక్కింది. మా పక్కింటి అమ్మాయి మొగుడు పత్తి బేళ్ల లారీ డ్రైవరు, పదిరోజులకోసారి వస్తాడు. మూడేళ్ల కూతురు. మొన్నటిదాకా అత్తగారు పిల్లను చూసుకునేది. కార్తీకంలో ఆవిడ పోయింది. మిరపకోతలు మొదలయ్యాయి. కూలీల ఆటో ఆరున్నరకే వచ్చేస్తుంది, అంగన్‌వాడీ తొమ్మిదికి గానీ తెరవరు. ఆ మధ్య రెండున్నర గంటలు పిల్లను చీరతో మంచం కోడుకు కట్టి, బయట గొళ్లెం పెట్టి వెళ్లేది. తొమ్మిదికి అంగన్‌వాడీ ఆయా వచ్చి విప్పి తీసుకుపోయేది.

నా డైరీలో ఇలా ఉంది: ‘6:50 ఏడుపు. 7:35 ఆగింది. 8:05 మళ్లీ.’ సాయంత్రాల కింద: ‘5:10కి తల్లి వచ్చింది. పిల్ల కాళ్లు చుట్టేసుకుంది. ఎత్తుకోలేదు. మోచేత్తో పక్కకు నెట్టింది.’ ఇలాంటివి తొమ్మిది రోజులు రాసి, పదో రోజు టీచరుకు చూపించాను. ఆవిడ మీటింగుకు రమ్మంది, డైరీ కూడా తెమ్మంది.

వరండాలో నన్ను డైరీతో చూడగానే పక్కింటి అమ్మాయి మొహం మాడిపోయింది.

“నా సంగతంతా పుస్తకంలో రాశావంట బాబాయ్. ఎవరికి చూపిద్దామని? నా పిల్లను హోముకి తీసుకుపోతారా?”

నిజానికి అంగన్‌వాడీ వాళ్ల పై ఆఫీసుకు ఫోన్ చేద్దామా అని రెండుసార్లు అనుకున్నాను కూడా.

స్కూటీ అమ్మాయి డైరీ తీసుకుని నిదానంగా చదివింది. “తీసుకుపోవడానికి రాలేదమ్మా. కట్టెయ్యకుండా ఏం చెయ్యొచ్చో చూద్దామని వచ్చాను. ఎందుకు కట్టావో నువ్వు చెప్పు.”

“గ్యాస్ స్టవ్వుంది. నీళ్ల డ్రమ్ముంది. వదిలేసి పోతే బతికుంటదా? కట్టేసి పోయేటప్పుడు నాకు సరదాగా ఉందనుకున్నారా? ఒక్కరోజు నేను రాకపోతే కోతల మేస్త్రి మర్నాడు పిలవడు.”

“మరి సాయంత్రం ఎత్తుకోవా?” అని అడిగాను.

వరండాలో ఉన్న మిగతా ఆడవాళ్లంతా ఒక్కసారి నవ్వారు. పక్కింటి అమ్మాయి రెండు అరిచేతులూ నా మొహం ముందు చాపింది. వేళ్ల సందులన్నీ ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

“రోజంతా మిరపకాయ కోసిన చేతులు బాబాయ్ ఇవి. సబ్బుకు పోదు ఈ ఘాటు. మొదటిరోజు తెలియక బుగ్గ నిమిరితే పిల్ల కళ్లు మండి రాత్రి అన్నం కూడా తినలా. అప్పట్నుంచీ అది దగ్గరికొస్తే మోచేత్తో ఆపుతున్నా.”

“అన్నగారు పత్తి మనిషి కదే,” అంది ఆపా. “ఆయన చేతికి దూది తప్ప ఏదీ అంటలేదు. ఎట్టా తెలుసుద్ది?”

మిరప దేశంలో పుట్టి అరవై తొమ్మిదేళ్లు బతికినవాణ్ణి. నేను రాసిన ప్రతి అక్షరమూ చూసిందే. చూసినదానికి నేను చెప్పుకున్న అర్థం మాత్రం పూర్తిగా తప్పు. ఇంతలో స్కూటీ అమ్మాయి డైరీ మూసి నా చేతికిచ్చింది.

“చాలా వివరంగా రాశారు తాతగారూ. ఎప్పుడు ఏడ్చిందో నిమిషాలతో సహా ఉంది. ఎవరెళ్లి గొళ్లెం తీశారో ఎక్కడా లేదు.”

మా గుమ్మం నుంచి ఆ గొళ్లేనికి పట్టుమని పన్నెండు అడుగులు ఉండవు.

కోపాలు చల్లారాక అసలు మాటకొచ్చారు. ఆరుగురిలో నలుగురికి చిన్నపిల్లలు, అందరిదీ ఆ రెండున్నర గంటల బాధే. నా తప్పు దిద్దుకుందామన్న ఉత్సాహంతో డైరీ వెనక పేజీలో చార్టు గీశాను. ఎ షిఫ్టు, బి షిఫ్టు, వారాంతపు సెలవు, రిలీవరు. గీసి చదివి వినిపించాను.

“బాబాయ్, ఇది మిల్లు కాదు,” అంది ఒకామె. “రేపు ఏ చేనో, అసలు కోతుందో లేదో మేస్త్రి ఫోన్ చేస్తేనే మాకు తెలిసేది. ఈ శుక్రవారం ఎవరి షిఫ్టో దేవుడికే తెలవాలి.”

“షిఫ్టులెందుకు, బదులు పెట్టుకోండి,” అంది ఆపా. ఇవాళ నీ చేలోకి నేను, రేపు నా చేలోకి నువ్వు అని చేలల్లో అనాదిగా ఉన్న పద్ధతే. “కోతలున్న రోజు ఊళ్లో ఉండేవాళ్లం పిల్లల్ని చూద్దాం. కోతల్లేని రోజు మీరు మా పని చెయ్యండి. నాకు గుండీలు కుడితే చాలు.”

“మరి ఊళ్లో ఉండేవాళ్లు ఎవరు?” అంది టీచరు.

“నేనున్నా. నువ్వున్నావు. ఇదిగో, అన్నగారున్నారు. పొద్దున్నే డైరీ పట్టుకుని గుమ్మంలో కూర్చునే ఉంటారుగా.”

“నాకు పిల్లల్ని చూడటం రాదమ్మా,” అన్నాను.

“మరి నీ ఇద్దరు కూతుళ్లూ ఎట్టా పెరిగారు బాబాయ్?” అంది పక్కింటి అమ్మాయి. ఆ సాయంత్రం ఆమె నవ్వడం అదే మొదలు. “బదులు ఉంచుకోనులే. మీ ఏడాది కారానికి మిరపకాయల తొడిమలన్నీ నేనే తీసిపెడతా.”

వంతులు వీధి వరసలో అనుకున్నారు. వరసలో మొదటి ఇల్లు మాది. వెళ్లేముందు స్కూటీ అమ్మాయి, చేతులకు కొబ్బరినూనె రాసి శనగపిండితో రుద్దితే మంట తగ్గుతుందని చెప్పింది. వచ్చే నెల దాకా ఆగకుండా వారానికే మళ్లీ వస్తానంది.

ఇంటికొచ్చి మా ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు నవ్వింది. “మన పిల్లలకు ఏనాడైనా ముక్కు తుడిచారా మీరు? కండువా దగ్గర పెట్టుకోండి, పనికొస్తుంది.”

మర్నాడు పొద్దున ఆరుంబావుకే తల్లీ కూతుళ్లు వచ్చేశారు. ఇన్నాళ్లూ పిల్ల నిద్రలో ఉండగానే కట్టి, లేచేలోపు జారుకునేదట. ఆ రోజు మాత్రం ముందే లేపి, తల దువ్వి తీసుకొచ్చింది. కోతకు ముందు కాబట్టి చేతులకు ఘాటు లేదు. ఆ చేతులతో పిల్ల బుగ్గలు నిమిరింది, కళ్లు తుడిచింది, ఎత్తుకుని మా వరండాలోనే అటూ ఇటూ తిరిగింది. ఆటో హారన్ మోగింది. మళ్లీ మోగింది.

“ఏమే, ఇవాళ కోత మీ బాబాయ్ ఇంట్లోనా?” అని ఆటోలోంచి ఎవరో కేకేశారు.

“వస్తన్నానే. ఒక్క నిమిషం ఆగితే మీ చేను ఎండిపోద్దా?” అని, పిల్లను నా ఒళ్లో దించి పరుగెత్తింది.

డైరీలో ఆ పూట ఉన్నది ఇంతే: ‘6:35 ఏడుపు. 6:41 ఆగింది. బిస్కెట్లు మూడు. కండువా ఉతకాలి. తొమ్మిదికి ఆయా వచ్చింది. పిల్ల నా మంచం కింద దూరి రానంది. ఇద్దరం బతిమాలి తీశాం.’ పేజీలో సగానికి పైగా ఎర్ర ఇంకుతో వంకరటింకర గీతలున్నాయి. అవి నావి కావు.